మా ఇంట్లో అలాంటివి లేవు

ద్రాక్షరసం వడగట్టడానికి పాత ధోవతి గుడ్డను మించింది లేదు. నాలుగేళ్లుగా సౌదీలోని దమ్మామ్‌లో ప్రతి బుధవారం నేను చేస్తున్న దొంగపని నేర్పిన తెలివి ఇది. స్నానాలగదిలో డ్రమ్ము, దాని మీద దుప్పటి, పులిసిన వాసన పక్కింటికి పోకుండా రెండు అగరుబత్తులు. గురువారం సాయంత్రం మా ఆయన లింబాద్రి దోస్తులు వస్తారు. "ఇది నా చేతి సరుకు, తాగి చూడుండ్రి" అంటాడాయన. ఆ చెయ్యి ఒక్కనాడైనా డ్రమ్ము కడిగిన పాపాన పోలేదు. పల్లీలు వేయించేది నేను, గ్లాసులు కడిగేది నేను. ఈ దేశంలో ఈ సంగతి బయటపడితే ముందు జైలు, తర్వాత ఎగ్జిట్ కొట్టి ఇండియాకు పంపేయడం. తెలిసీ చేశాను.

గల్ఫ్ యుద్ధం రోజుల్లో మొదలైంది ఇదంతా. సైరన్ మోగితే కిటికీలకు టేపులంటించిన గదిలో ముగ్గురం ముడుచుకుని కూర్చునేవాళ్లం. మా సంధ్యకు అప్పుడు పదకొండేళ్లు. వణుకుతూ ఏడ్చేది. "రెండు చెంచాలు పొయ్యి, పండుకుంటది" అన్నాడాయన. పోశాను. పడుకుంది. మర్నాడు సైరన్ మోగకముందే అదే వచ్చి అడిగింది. మళ్లీ పోశాను. ఛీ, ఈ మాట నా కన్నతల్లికి కూడా చెప్పుకోలేదు.

ఇప్పుడు దానికి పదిహేను. బడిలో సురయ్యా మేడం అని హైదరాబాదు టీచరు, తల్లులనూ పిల్లలనూ కలిపి కూర్చోబెట్టి మాట్లాడిస్తుంది. సిగరెట్లు, మత్తు, చెడు సావాసాలు, వీటిని బడి కన్నా ముందు ఇల్లే ఆపాలంటుంది. తండ్రులు ఇంట్లో పిల్లలతో మాట్లాడాలని కొన్ని ప్రశ్నలు రాసి కాగితం కూడా పంపింది. "ఆడోళ్ల ముచ్చట్లు నాకెందుకు?" అని ఆయన ఆ కాగితం మీదే పల్లీలు పోసుకున్నాడు. నేను మాత్రం ఒక్క వారం తప్పలేదు. మూడో వారం మేడం అడిగితే అందరిలో లేచి నిలబడి, "మా ఇంట్లో అలాంటివి లేవు" అన్నాను. చెప్పేవి శ్రీరంగనీతులు! అందరూ చప్పట్లు కొట్టారు. సంధ్య ఒక్క క్షణం నా ముఖం చూసి, తనూ కొట్టింది.

మొన్న సోమవారం స్కూలు బస్సులో సంధ్య సంచిలో సీసా దొరికింది. "నాది కాదు, ఆయేషా దాచమని ఇచ్చింది" అందట. ఆయేషా ఆ బస్సు డ్రైవరు బాషా కూతురు. తల్లి మహబూబ్బీ అదే బడిలో ఆయా.

"మంచిగ చెప్పింది నా బిడ్డ. రేపు మేడం పిలిచింది గద, నువ్వు గూడ గదే చెప్పు" అన్నాడాయన. ఆ పిల్లను బడిలోంచి తీసేస్తారేమో అన్నాను. "తీసేస్తే మనకేంది? నీ పెంపకం సక్కగుంటే గిదంతా ఎందుకైతుండె?" సరుకు ఆయన చేతిది, పెంపకం మాత్రం నాది.

మర్నాడు మేడం గదిలో మహబూబ్బీ కుర్చీ ఉన్నా కూర్చోలేదు. రెండు చేతులూ జోడించి నిలబడింది. గోడ పక్కన ఆయేషా, చెంప వాచి ఉంది.

"తప్పయిపోయింది మేడం. వాతలు తేలేట్టు కొట్టినాను. 'నాకేమీ తెలీదుమా' అంటానే ఉండింది, నేను ఇనలే. మా ఇంటాయన నౌకరీ మాత్రం తీయొద్దండి. మీ కాళ్లకు దండం పెడతా."

మేడం నా వైపు తిరిగింది. "మీరేమంటారు ప్రేమలత గారూ?"

సంధ్య కూడా నన్నే చూస్తోంది. దాని కళ్లలో భయం లేదు. నిశ్చింతగా ఉంది. అమ్మ అబద్ధం చెబుతుందని ఎంత నమ్మకం నా బిడ్డకు! నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లలో నేను దానికి నేర్పింది ఇదొక్కటే అనిపించింది.

"చేతులు దించు మహబూబ్బీ" అన్నాను. "సీసా మా ఇంట్లది. నీ బిడ్డకు ఏం తెల్వదు. ఆ సరుకు చేసేదాన్ని నేనే. నా బిడ్డకు మొదట తాగించింది కూడా నేనే."

మహబూబ్బీ చేతులు దించింది. ఆయేషా దగ్గరికి వెళ్లి వాచిన చెంప మీద చెయ్యి వేసింది. ఆ పిల్ల చెయ్యి తోసేసింది.

"అమ్మా! డాడీ చంపుతడు" అంది సంధ్య.

మేడం తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆలోచించుకోండి. రిపోర్టులో రాస్తే ప్రిన్సిపాల్ దాకా పోతుంది. ఇక్కడ ఉండటానికి మీ ఇఖామాలు, మీ హస్బెండ్ జాబ్, అన్నీ రిస్కే."

"రాయండి మేడం."

ఆమె నిట్టూర్చి కాగితం ముందుకు లాక్కుని, అలవాటుగా అడిగింది. "హస్బెండ్ పేరు?"

"అది తర్వాత. ముందు నా పేరు రాయండి."