కిందివాడి చెయ్యి

రేవులో అందరూ అతన్ని పైవాడు అనేవారు. క్రేన్ మీద, మేడల కంటే ఎత్తున, అద్దాల గదిలో కూర్చుని ఓడల్లోంచి సరుకు దించడం అతని పని. గాలి బాగా వీచిన రోజున కింద కూలీలు, ఇవాళ మన ప్రాణాలు పైవాడి చేతిలో ఉన్నాయిరోయ్ అని నవ్వుకునేవారు. నిజానికి పైవాడికి కనిపించేది తక్కువ. ఓడ కడుపులోకి దిగిన కొక్కెం కింద ఎవరున్నారో అతనికి తెలియదు. అంచున నిలబడి సైగలు చేసే మనిషే అతనికి కళ్లు. ఆ చెయ్యి దించమంటే దించాలి, ఎత్తమంటే ఎత్తాలి, ఎందుకని అడగకూడదు. ఆ సైగల మనిషి అతని బావమరిది. పనిలో పెట్టించిందీ, పని నేర్పిందీ పైవాడే.

కిందటి వానాకాలంలో ఒకరోజు, ఇనుప కడ్డీల కట్ట గాలిలో ఉండగా బావమరిది దించమని చెయ్యి ఊపాడు. పైవాడు దించలేదు. అది బావమరిది చెయ్యి కాదనిపించింది. ఎవరో ఆ చెయ్యి తొడుక్కుని వచ్చి, తనచేత హత్య చేయించబోతున్నారనిపించింది. కట్టను అలాగే వేలాడనిచ్చి, గదికి గడియ పెట్టుకున్నాడు. మనుషులు ఎక్కి తలుపు పగలగొట్టాక, లివరు పట్టుకున్న వేళ్లను ఒక్కొక్కటిగా విడదీయవలసి వచ్చింది.

ఆ తర్వాత ఆసుపత్రి, మందులు, మళ్లీ ఆసుపత్రి. నిద్ర వచ్చింది, ఒళ్లు వచ్చింది, చేతులకు వణుకూ వచ్చింది. అనుమానం మాత్రం పూర్తిగా పోలేదు. భార్య మంచినీళ్ల గ్లాసు అందిస్తుంటే ఒక్కోసారి ఆ చేతినే చూస్తూ ఉండిపోయేవాడు. ఆమె గ్లాసు బల్ల మీద పెట్టి పక్కకు తప్పుకునేది.

చివరికి రేవు డాక్టర్ల ముందుకు రమ్మని కబురొచ్చింది. పని చేయలేడని వాళ్లు తేలిస్తే బతికినంతకాలం పింఛను, కానీ ఇక క్రేన్ ఎక్కనివ్వరు. చేయగలడంటే మళ్లీ అదే అద్దాల గది.

భార్య పింఛనే మేలంది. ఆమె తమ్ముడు వినలేదు. మూల కూర్చుని తినడానికి బావకేం కాళ్లు పడిపోయాయా అన్నాడు.

"కొత్తాయన లోడు దించుతుంటే, బిందె నూతిలో జారిపడ్డట్టుంటోంది బావా. ఆయనకి చెయ్యి ఊపాలంటేనే నాకు సిగ్గేస్తోంది."

పైవాడు చాలాకాలానికి నవ్వాడు. ఆ గదిలో తప్ప తాను మరెక్కడైనా పనికొస్తానని అతనికి ఎన్నడూ అనిపించలేదు.

రమ్మన్న రోజున గడ్డం గీసుకుని, డ్యూటీ చొక్కా వేసుకుని, భార్యను వెంటబెట్టుకుని వెళ్లాడు. పెద్ద డాక్టరమ్మ నిద్ర ఎలా ఉందని అడిగింది. బాగుందండి అన్నాడు. ఆకలి? బాగుందండి. భయాలు, అనుమానాలు? అంతా బాగుందండి. అబద్ధమాడదామని అన్నది కాదు. షిఫ్టు ఎక్కేముందు మేస్త్రీ కింద నిలబడి బ్రేకు, తాడు, కొక్కెం అని వరసగా పిలిచేవాడు. ప్రతిదానికీ బాగుంది అని గట్టిగా చెబితేనే తాళం చేతికిచ్చేవాడు. ఏళ్ల తరబడి అలా పలికిన నోరు, ప్రశ్న చెవిన పడగానే తనంతట తానే బదులిచ్చేసింది. భార్య తల వంచుకుంది. కట్టుకున్నవాడికి మతి చెడిందని అతని ఎదుటే చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. అయితే పనిలోకి పంపిద్దామంది డాక్టరమ్మ.

బయట వసారాలో బావమరిది ఎదురుచూస్తున్నాడు. అక్క సంగతి చెప్పగానే అతని మొహం విప్పారింది.

"నే చెప్పలా అక్కా? మా బావ ఉక్కు" అంటూ, నాలుగడుగులు వెనక్కి వేసి, ఎత్తు అన్నట్టు చెయ్యి గాలిలో గిర్రున తిప్పాడు. వేళాకోళానికే.

పైవాడు ఆ చేతిని చూశాడు. పట్టపగలు, ఎదురుగా, వాడి చిన్నప్పుడు తాను పట్టుకుని రోడ్డు దాటించిన చెయ్యి. అది ఎవరిదో అతనికి తెలియలేదు. చెయ్యి ఆగేదాకా నిలబడి, వెనక్కి తిరిగి లోపలికి వెళ్లాడు.

డాక్టర్లు లేవబోతున్నారు.

"నాకు బాగాలేదమ్మా" అన్నాడు. "వాడు ఎత్తమంటే నేను వాడి మీదే దించేస్తాను. ఏదో ఒకరోజు దించేస్తాను. నన్ను ఎక్కనివ్వకండి."

డాక్టరమ్మ కుర్చీ చూపించి, అన్నీ మళ్లీ మొదటినుంచి అడిగింది. ఈసారి ఒక్కో జవాబుకూ చాలాసేపు పట్టింది. అంతా అయ్యాక, పింఛనుకు రాస్తానని చెప్పి, మంచిపని చేశారంది. అతను తల ఊపాడు. తన చావు కబురు తానే మోసుకొచ్చి అప్పగించినట్టుంది.

మళ్లీ బయటికి వచ్చేసరికి బావమరిది తలుపు దగ్గరే ఉన్నాడు, లోపలి మాటలు విన్నాడు.

"నా మీద నమ్మకం పోయిందా బావా?"

"నీ మీద కాదురా."

"కింద నిలబడేది నేను. నాకు లేని భయం నీకెందుకు?"

బావమరిది షిఫ్టుకు వేళైందని అక్కతో చెప్పి వెళ్లిపోయాడు. బావకు వెళ్లొస్తానని చెప్పలేదు.

మొగుడూ పెళ్లాలిద్దరూ బస్టాపులో బల్ల మీద కూర్చున్నారు. వాళ్ల బస్సు వచ్చింది. ఆమె లేచింది. అతను లేవలేదు.

"ఇంటికెళ్లి ఏం చేద్దాం?" అన్నాడు.

ఆమె బస్సు వంక చూసింది, అతని వంక చూసింది. కండక్టరు ఒకసారి కేకేసి, ఆగి, బెల్లు కొట్టాడు. బస్సు వెళ్లిపోయాక ఆమె మళ్లీ కూర్చుంది.