హాల్టు ఏలీయా

ఏడుంబావుకి ఏలీయా టికెట్ల గది తలుపు తీసి, గుమ్మంలో ఎవరో ఉమ్మిన గుట్కా మరక మీద చెంబెడు నీళ్లు గుమ్మరించాడు. ఇరవై ఒక్కేళ్లుగా పొద్దున్నే మొదటి పని ఇదే. ఉమ్మేవాళ్లు మారారు గానీ బుద్ధులు మారలేదని అతని అభిప్రాయం. పొట్టి మనిషి. గడ్డం కింద చర్మం వదులుగా వేలాడుతుంది. ఎండలో పట్టాల వంక చూసి చూసి కళ్లు చికిలించడం అలవాటైంది. దాంతో ఎవరితో మాట్లాడినా వాళ్లని నమ్మనట్టే ఉంటాడు. నిజంగానే నమ్మడు.

జగ్గయ్యపేటకి అయిదు మైళ్లలో ఉన్న ఆ హాల్టుని స్టేషననడం మర్యాదకే. సిమెంటు గూడ్సుల కోసం వేసిన లైనది. ఊళ్లోవాళ్లు పట్టాల మీద పడుకుని మరీ బెజవాడ ప్యాసింజరు ఒక నిమిషం ఆగేట్టు చేసుకున్నారు. పైవాళ్లు ఒక రేకుల గది, ఒక సిమెంటు బెంచీ, ఒక బోరింగు పడేసి చేతులు దులుపుకున్నారు. బోరింగు మొదటి వేసవికే ఎండింది. ఇంటరు తప్పి ఖాళీగా తిరుగుతున్న ఏలీయాని టికెట్లమ్మడానికి కమీషన్ మీద పెట్టారు. పట్టాల మీద పడుకున్న వీరులు బండెక్కారు గానీ టికెట్టు కొన్న పాపాన పోలేదు. కొన్నాళ్లకి ఎక్కడమూ మానేసి, చిల్లకల్లు వెళ్లి హైవే మీద బస్సులు పట్టుకున్నారు.

ఆ ఒక్క నిమిషమూ ఇప్పుడు రద్దయింది. ఇవాళ పొద్దుటి బండే ఆఖరు. సాయంత్రం తిరుగుబండి ఇక్కడ ఆగదు.

అందుకే ప్లాట్‌ఫారం నిండా జనం చేరారు. చేతుల్లో సంచుల్లేవు, ఫోన్లున్నాయి. ఊరి పెద్ద కుటుంబరావు ఇంజనుకి వెయ్యడానికి బంతిపూల దండ తెచ్చాడు.

"బండి పోతోందంటే గుండె తరుక్కుపోతోందయ్యా," అన్నాడు కిటికీ దగ్గరికొచ్చి.

"తమరు ఎప్పుడెక్కారండీ దీన్ని?"

కుటుంబరావు వినబడనట్టు ఫోటో తీసేవాళ్లవైపు తిరిగాడు. పక్కనే నిలబడ్డ సూసన్ టీచరు నవ్వింది. తొమ్మిదేళ్లుగా ఆ బండిలోనే బడికి వెళ్లే మనిషి. ఆ ఊళ్లో ఏలీయా గౌరవించేది ఆమెనొక్కదాన్నే.

"మరి మీరెప్పుడెక్కారండీ?" అంది. ఎత్తిపొడుపేం లేదు, తెలుసుకుందామనే అడిగింది.

ఏలీయా ఒక్కసారీ ఎక్కలేదు.

ఆరేళ్ల కిందట అతని భార్య ఆరోగ్యమ్మకి కడుపునొప్పి ముదిరితే బెజవాడ పెద్దాసుపత్రికి రాశారు. బండి వేళకి గది మూసుంటే పని పోతుందని, ఆమె చెల్లెల్ని తోడిచ్చి, ఈ కిటికీలోంచే టికెట్టు అందించాడు. "రేపొస్తాలే," అన్నాడు. ఆ రేపు కూడా బండి వేళకి ఇక్కడే కూర్చున్నాడు, ఆ మర్నాడూ అంతే. నాలుగో రోజు ఆమెని వ్యానులో పడుకోబెట్టి, ముఖం మీదా గుడ్డ కప్పి తెచ్చారు. ఆ మూడు పొద్దుల్లో కిటికీ దగ్గరికొచ్చిన వాళ్లు ఆరుగురు.

ఊరి మీద ఇన్నాళ్లూ వాడిన తిట్లన్నీ తనకే కొలిచి కుట్టినట్టు సరిపోయాయి.

దూరంగా కూత వినబడింది. ఏలీయా బెజవాడకి ఒక టికెట్టు చించి, తేదీ ముద్ర గుద్ది, తన డబ్బులు సొరుగులో వేసి, టికెట్టు జేబులో పెట్టుకున్నాడు. బండి ఆగింది. దండ వేస్తున్నారు, కెమెరాలకి దారిమ్మని ఒకరినొకరు తోసుకుంటున్నారు. అతను వాళ్ల మధ్యలోంచి నడిచి, సూసన్ టీచరు వెనకే పెట్టె ఎక్కాడు.

"ఇదుగో, గదికి తాళం వెయ్యవా?" కుటుంబరావు కేకేశాడు.

"వేసి ఎవరికివ్వమంటారు?"

బండి కదిలింది. టీచరు కిటికీ పక్క సీటు ఖాళీ చేసింది. "ఎందాకా వెళ్తారండీ?" అనడిగింది.

"ఆసుపత్రి చూసొస్తా," అన్నాడు.

అయిదు నిమిషాల్లో జనం మోటారు సైకిళ్లెక్కి వెళ్లిపోయారు. టికెట్ల కిటికీ చువ్వకి దారంతో కట్టిన బాల్‌పెన్ను, ఎప్పుడో సిరా అయిపోయినది, గాలికి రేకుని తగులుతూ ఊగుతోంది.