చదవకుండా వదిలేసిన లైను

గేటుకు ఇటుపక్క సక్రి నిలబడి ఉంది, అటుపక్క ఝమ్లి ఉంది. ఝమ్లి చచ్చిపోయి ఆరేళ్లయిందని సక్రికి తెలుసు, ఆఖరి స్నానం తన చేతులతోనే చేయించిందని కూడా తెలుసు, అయినా ఇక్కడ ఆ సంగతి ఎవరికీ పట్టింపు లేదు. ఈ చోటు కాసేపు తండాలా ఉంది, కాసేపు బస్టాండులా ఉంది, మళ్లీ చూస్తే ఇరవై రెండేళ్ల కింద తామిద్దరూ ఝమ్లి పసిగుడ్డును ఎత్తుకుని వెళ్లిన ఆ పట్నం అనాథ పిల్లల హోం వరండాలా ఉంది. నెత్తి మీద ఎండ నిప్పులు పోస్తోంది గానీ నేల మీద ఒక్కరి నీడా లేదు. ఝమ్లి మోచేతి పైదాకా గాజులు వేసుకుని చేతులు ఊపుతోంది, ఆ గాజులు చప్పుడు చేయడం లేదు.

"ఎంతసేపాయె బాయీ నేనొచ్చి," అంటుంది ఝమ్లి, ఎప్పటిలాగే అక్కా అని పిలిచినట్టు. "బడి ఇడిశిపెట్టిన్రు గద. నా పిల్లనింక బయటికి పంపుతలేరేంది?"

"ఎండల ఎందుకు నిలవడ్డవే? నీడకు రారాదు."

"నీడకు వోతే నా బిడ్డ నన్నెట్ల గుర్తువడ్తది?"

సక్రి గేటు కడ్డీలు లెక్కపెడుతుంది. సంఘం సభలో మైకు పట్టిందంటే దింపడానికి పోలీసులు రావాలి, అటువంటి మనిషి.

ఝమ్లి సంచిలోంచి గౌన్లు తీస్తుంది, అరచేతిలో పట్టేంత చిన్నది ఒకటి, దానికంటే జానెడు పెద్దది ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి, తీసినకొద్దీ సంచి నిండుతోంది. "కొలత సరిగనే తీసిన బాయీ. తండల దాని ఈడు పోరి ఉన్నది గద, సోని బిడ్డ. ఏడాదికోసారి దాన్ని గోడకు నిలవెట్టి కొలిచిన. పొట్టిగుంటదంటవా, పొడుగుంటదంటవా?"

తండావాళ్లకు పిల్లను ఇంటి బయట పెంచే చోటు ఒక్కటే తెలుసు, సర్కారు హాస్టలు. జూన్‌లో రేకు పెట్టెతో దింపి రావాలి, ఏప్రిల్ ఇరవై మూడున బడి మూసేనాడు పోయి తెచ్చుకోవాలి. హోం అంటే పాలు తాగే పిల్లల హాస్టలు అనుకున్నారు ఇద్దరూ. నవ్వేవాళ్లు నవ్వండి. బడి గడప తొక్కనివ్వకుండా ఉంచినవాళ్లే అందరికంటే ముందు నవ్వుతారు. మూడో కాన్పూ ఆడపిల్లేనని మొగుడు తలుపు వేసుకున్నాడు, ఝమ్లి రొమ్ములో పాలు ఎండిపోయాయి, పిల్ల ఏడవడం కూడా మానేసింది. అప్పుడు పోయారు. ఆ ఏడాది నుంచి చచ్చేదాకా ప్రతి ఏప్రిల్ ఇరవై మూడున ఝమ్లి ఆ గేటు దగ్గరే ఉంది. హోం మూతపడి తాళం తుప్పు పట్టినా పోయింది. ఆ గేటు ముందే వడదెబ్బకు పడిపోయింది.

"కాయితం తెచ్చినవా?" అంటుంది ఝమ్లి.

తేలేదు అందామనుకుంటుంది సక్రి, కానీ చేతిలోనే ఉంది, ఆనాడు హోం మేడం చెబుతుంటే తను రాసిందే, రాత్రిబడిలో రెండేళ్లు దిద్దిన తన గుండ్రటి అక్షరాలే, కింద ఝమ్లి వేలిముద్ర ఇంకా తడిగా ఉంది.

"సదువు. ఆనాడు సదివినట్టే సదువు."

"కొర్రతండా వాస్తవ్యురాలు ఝమ్లి అను నేను," అని సక్రి చదువుతుంది, "నా మూడవ సంతానమైన ఈ ఆడశిశువును పోషించు స్తోమత లేనందున, నా ఇష్టపూర్వకముగా హోమునకు అప్పగించుచున్నాను." అక్కడ ఆగుతుంది. కింద ఇంకో లైను ఉంది. అది కళ్ల ముందే చీమల బారులా జరుగుతోంది.

"ఆగినవేంది?"

"అంతే. అయిపోయింది."

అనగానే వరండా కదులుతుంది, కదిలేది వరండా కాదు బస్సు, పట్టుకునే కడ్డీలకు వరసగా ఉయ్యాలలు కట్టి ఉన్నాయి, ప్రతి ఉయ్యాలలో ఒక పిల్ల, ప్రతి పిల్ల మణికట్టుకు ఒక నంబరు, అందరి కళ్లూ తెరిచే ఉన్నాయి, ఒక్కతీ ఏడవదు. డ్రైవరు సీట్లో ఎవరూ లేరు. కిటికీ బయట పత్తిచేలు తెల్లబడి తెల్లబడి మంచు అయిపోతాయి, అటువంటి తెలుపు సక్రి ఎన్నడూ చూడలేదు.

"ఇది యాడికి వోతది బాయీ?" అంటుంది ముందు సీట్లోంచి ఝమ్లి, వెనక్కి తిరగకుండానే.

"డెన్మార్కు."

"హాస్టలేనా?"

"దూరం హాస్టలు," అంటుంది సక్రి, ఆనాడు అన్నట్టే. ఆ హోం పిల్లలను దత్తత పేరుతో దేశం దాటించారని రెండో ఏడే పేపర్లో చదివి తెలుసుకుంది. 'పెద్ద సదువుకు పంపిన్రంట, సెలవులకొస్తది' అని ఝమ్లికి తనే చెప్పింది. చెప్పబట్టే ఆమె గేటు వదల్లేదు.

"నా బిడ్డ ఇయ్యాల నీ కాడికొస్తున్నదట గద. ఏం చెప్తవ్?"

"ఎవడో బ్రోకరు రాసిండని చెప్త." సక్రికి తన గొంతు తనకే ఎవరిదోలా వినిపిస్తుంది. "రాసినోళ్ల పేరు దాంట్ల లేదు. మేడమే పెట్టొద్దన్నది. ఎవలికి తెలుస్తది?"

ఝమ్లి నవ్వుతుంది. బతికున్నప్పుడు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది, ఇప్పుడు అడ్డం లేదు, నోరు లోపలంతా ఎర్రమట్టి. "మైకు వట్టుకొని అరుస్తవ్ గద, పిల్లలను తరలించినోళ్లను గుంజకు కట్టాలెనని. మరి నిన్ను ఏ గుంజకు కడుదాం? ఆ లైను ఎందుకు ఇడిశిపెట్టినవ్, అది చెప్పు ముందుగాల."

"మేడం అన్ని కాయితాలల్ల గట్లనే ఉంటదన్నది. హాస్టలు కాయితంల గూడ పిల్ల పారిపోతే మాకు సంబంధం లేదని రాస్తరు గదనే, అట్లని ఎవల పిల్లన్న వోయిందా?"

"అది కాదు."

"సదివితే నువ్వు పిల్లనెత్తుకొని ఎనుకకు మర్లుతవ్. తెల్లారేసరికి సస్తదది."

"అది గూడ కాదు."

"నాకు సగమే సమజయింది!" అని సక్రి అరుస్తుంది. "తండల సదువొచ్చిన ఆడిదాన్ని నేనొక్కదాన్నే. సమజు కాలేదని నీ ముంగట ఎట్ల చెప్పుదు?"

బస్సు ఆగింది. మళ్లీ అదే గేటు. లోపల ఉన్నది సక్రి, బయట ఉన్నది ఝమ్లి, గొలుసు తనంతట తానే కడ్డీలకు చుట్టుకుంటోంది.

"నా పక్కపొంటి నీకు జాగ వట్టి ఉంచిన," అంటుంది ఝమ్లి, కోపం లేకుండా, పెళ్లి విందులో బంతికి పిలిచినట్టు. పక్కన నేల మీద మనిషి పొడవున ఒక చోటు శుభ్రంగా ఊడ్చి ఉంది. "నువ్వు ఆ లైను సదువకపోతే నేనీడికెళ్లి కదల. నేను కదలకపోతే నువ్వు గూడ ఈడికే వస్తవ్. సదువు."

ఎండ ఇంకా కిందికి దిగుతుంది, కాగితం అంచు నుంచి మాడుతూ వస్తోంది, సక్రి నోరు తెరుస్తుంది, నాలుక అంగిలికి అతుక్కుపోయింది.

"సక్రక్కా! లేవరాదు, ఎన్నిసార్లు పిలవాలె! ఆ అమ్మాయొచ్చింది."

సంఘం ఆఫీసు బెంచీ. మధ్యాహ్నం మూడు. భుజం పట్టి కుదుపుతున్నది అనసూయ, సంఘంలో ఇంగ్లీషు వచ్చిన పిల్ల. గుమ్మంలో ఇరవై రెండేళ్ల అమ్మాయి నిలబడి ఉంది, రంగూ ముక్కూ తండావే, నిలబడే తీరు ఇక్కడిది కాదు. పేరు ఐడా. తల్లి చనిపోయిందని ఆమెకు ఇంకా ఎవరూ చెప్పలేదు, ఎదురుగా తనే చెబుతానని సక్రి అందరి నోళ్లూ కట్టేసింది.

ఐడా దండం పెట్టి, ఏదో తొందర ఉన్నట్టు బ్యాగు తెరిచి బల్ల మీద మూడు స్వెట్టర్లు పరిచింది. మూడూ ఒకే నీలం రంగు. ఒకటి చిన్నది, ఒకటి మధ్యరకం, ఒకటి పెద్దది. ఇంగ్లీషులో ఏదో అడిగింది.

"వాళ్లమ్మకు ఏ కొలత పడ్తదో తెల్వక మూడు తెచ్చిందట," అంది అనసూయ. "ఏది పడ్తదని అడుగుతున్నది."

సక్రి ఆ మూడింటినీ చూసింది. బ్రోకరు కథ గొంతు దాకా వచ్చి ఉంది, పొద్దుటి నుంచి వల్లెవేసిందే.

"కాయితం ఉన్నదా అడుగు," అంది.

ఉంది. ప్లాస్టిక్ కవరులో భద్రంగా ఉంది. సక్రి దాన్ని బయటికి తీసింది.

"ఈ రాత నాది అనసూయా. అట్లనే చెప్పు. ఆనాడు వాళ్లమ్మకు సదివి వినిపిచ్చిన, ఒక్క లైను ఇడిశిపెట్టి. వాళ్లమ్మ ఆ లైను ఇనకుంటనే ఏలువెట్టింది. ఇనకుంటనే, బిడ్డ కోసం పదహారేండ్లు ఆ గేటుకు వోయింది. ఆడనే సచ్చిపోయింది."

అనసూయ ఇంకా ఇంగ్లీషులోకి మార్చలేదు. ఐడా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది, ఒక చెయ్యి ఇంకా స్వెట్టర్ల మీదే ఉంది.

సక్రి నిలబడి, కాగితం కంటికి దగ్గరగా పెట్టుకుని చదివింది.

"ఇకమీదట ఈ బిడ్డ నాది కాదు. బిడ్డను చూచుటకు గాని అడుగుటకు గాని నేను ఎన్నటికిని రాను."

కాగితాన్ని స్వెట్టర్ల పక్కన పెట్టింది.

"చెప్పు," అంది సక్రి అనసూయతో. "ఒక్క మాట గూడ ఇడిశిపెట్టకు."