కూర్మమ్మ పదమూడో ఎక్కం

గణపతిరావు మేస్టారు విజయనగరంలో పది రోజులు ట్రైనింగు అయి వచ్చాడు. అవిటి పిల్లల్ని అందరితో కలిపి కూర్చోబెట్టి చదువు చెప్పడం ఎలాగో నేర్పారట. వెళ్ళేటప్పుడు చేతిలో సంచీ, వచ్చేటప్పుడు మెడలో దండ. ఆ దండ ఎవరు వేశారో చెప్పలేదు గాని, నౌపడ స్టేషన్లో దిగి ఊళ్ళోకి రెండు మైళ్ళూ దాన్ని తియ్యకుండానే నడిచాడు.

సూరయ్య ఉప్పు మడుల్లో పని చేసే ముసలాయన. మనవరాలు కూర్మమ్మకి నాలుగో ఏట అమ్మవారు పోసి రెండు కళ్ళూ పోయాయి. ఇప్పుడు తొమ్మిదేళ్ళు. రెండేళ్ళుగా బడి కిటికీ కింద కూర్చుని, లోపల పిల్లలు అరిచే ఎక్కాలు విని నేర్చుకుంది. చేర్చుకోమని సూరయ్య ఎన్నిసార్లు అడిగినా, "గుడ్డిదానికి నేనేం చెప్పనయ్యా" అని మేస్టారు గుమ్మంలోంచే తోలేశాడు.

అంతటి మేస్టారు, దండ వాడకముందే సూరయ్య గుడిసెకి వచ్చేశాడు.

"రేపట్నించి పిల్లని పంపు సూరయ్యా. ఇకమీదట గుడ్డిది అనకూడదు. ప్రత్యేకమైన పిల్ల అనాలి."

"పది రోజులూ ఈ మాటే నేర్పినారేటి బాబూ?"

మేస్టారు మెడలో దండ సర్దుకున్నాడు. "ముందు వరసలో కూర్చోబెడతాను. నల్లబల్ల దగ్గరగా ఉండాలని రూలు."

"దానికి నల్లబల్ల కనపడతాదేటి?"

"రూలు రూలే."

పిల్ల నెల రోజులు వెళ్ళింది. ఆ తరవాత ఒక పొద్దున్న గోడకి చేరగిలబడి కూర్చుండిపోయింది.

"నానెల్లను తాతా."

"ఏటే, ఎవులైనా కొట్టినారా?"

"కొట్టనేదు. మేస్టారు నన్నొక్కదాన్నే కొట్టడు. తప్పు సెప్పినా 'భేష్ తల్లీ' అంటాడు. పిల్లలు నవ్వుతారు. 'నువ్వు బడికి సుట్టానివే, సదువుకోడానికి రానేదు' అని ఏడిపిస్తన్నారు. కిటికీ కింద కూసున్నప్పుడే నయం. ఎవులు తప్పు సెప్పినా మేస్టారు కేకేసి దిద్దీవాడు. అది విని నాదీ దిద్దుకునీదాన్ని. ఇప్పుడు నా తప్పేటో నాకే తెలీదు."

సూరయ్య చుట్ట నలిపి పారేశాడు. ఎక్కం తప్పితే పిల్లల తొడలు ఎర్రగా కందిపోయేలా గిల్లే మేస్టారు ఈ పిల్ల దగ్గరికి వచ్చేసరికి వెన్నముద్ద అయిపోయాడన్నమాట! దీనికే కాబోలు దండ.

"రేపు నానూ వస్తాను. ఆ మేస్టారు నోట తప్పుని తప్పని అనిపిస్తే బళ్ళో ఉండు. నేదంటే నాతో మడులకి ఒచ్చీ. మరి బడి మాట ఎత్తొద్దు."

"సరే," అంది కూర్మమ్మ. కాని ఆ సరేలో సంతోషం లేదు.

మర్నాడు బడి ముందు జీపు ఆగి ఉంది. ట్రైనింగు ఇచ్చిన నరసింగరావు, తను నేర్పింది ఎలా పండిందో చూసుకోడానికి వచ్చాడు. కూర్మమ్మ ముందు వరసలో, నల్లబల్లకి జానెడు దూరంలో కూర్చుంది. సూరయ్య గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎంత బుద్ధిగా కూర్చుందో!" అన్నాడు నరసింగరావు. కూర్చోడమే చదువైనట్టు.

సూరయ్య లోపలికి ఒక అడుగు వేశాడు. "కూసోడానికైతే మా అరుగు నేదేటి బాబూ? ఒలే, పదమూడో ఎక్కం సెప్పు."

కూర్మమ్మ లేచి నిలబడింది. ఒకట్లు, రెళ్ళు, మూళ్ళు గడగడా దాటేసింది. "పదమూడార్లు డెబ్బై ఎనిమిది. పదమూడేళ్ళు..." ఆగింది. "తొంబై మూడు."

పిల్లలు కిసుక్కుమన్నారు.

"భేష్ తల్లీ!" అని మేస్టారు చప్పట్లు కొట్టాడు. నరసింగరావు కూడా కొట్టాడు.

సూరయ్యకి ఎక్కాలు రావు. పిల్లల నవ్వు బట్టి తెలిసింది. "తప్పా, ఒప్పా? సెప్పండి మేస్టారూ."

నరసింగరావు అడ్డం వచ్చాడు. "తాతా, ఇలాంటి పిల్లలతో తప్పు అనకూడదు. మనసు నొచ్చుకుంటుంది."

"దాని మనసు మీ జీపులో ఒచ్చిందేటి, మీకు తెలీడానికి? దాన్నే అడగండి."

ఎవరూ అడగలేదు. కూర్మమ్మే మొహం మేస్టారు గొంతు వినబడే వైపు తిప్పింది. "తప్పయితే తప్పనండి మేస్టారూ. నేదంటే నాను రేపట్నించి రాను."

మేస్టారు నరసింగరావు వంక చూశాడు. పిల్లల వంక చూశాడు. పది రోజుల ట్రైనింగుకీ, ఇరవై ఏళ్ళ అలవాటుకీ అతని గొంతులో పెనుగులాట జరిగినట్టుంది.

"తప్పు!" అని కసిరాడు చివరికి. "పదమూడేళ్ళు తొంబై ఒకటి. మొదట్నించి చెప్పు!"

నరసింగరావు మొహం ముడుచుకుని కాయితం మీద ఏదో రాసుకున్నాడు.

కూర్మమ్మ మళ్ళీ మొదలుపెట్టింది. ఏడు దాటింది. ఎనిమిది దగ్గర తడబడింది.

"తప్పు! మళ్ళీ!"

ఈసారి పిల్లలెవరూ నవ్వలేదు. తరవాత వంతు తమదే కదా, పుస్తకాల్లో ఆ ఎక్కం వెతుక్కుంటున్నారు.

సూరయ్య తలపాగా దులిపి కట్టుకుని, ఒక్కడే మడుల దారి పట్టాడు.