చెవి మేస్త్రి

మేస్త్రి అరచెయ్యి బండి ట్యాంకు మీద ఆనించి కళ్ళు మూసుకున్నాడు. చూసేవాళ్ళకి బండిని దీవిస్తున్నట్టుంటుంది. బండి తెచ్చినవాళ్ళలో కొందరు ఆ సమయానికి తల కూడా వంచుకునేవారు. నిజానికి ఆయన వింటున్నాడు. చెవులతో కాదు, అంతే.

ఊరి చివర రేకుల షెడ్డు అది. ఎంత కడిగినా నూనె మరకలు వదలని సిమెంటు నేల. అక్కడికి వచ్చేవన్నీ ఏటీవీలే. పెళ్ళయ్యాక మోటారుసైకిలు ఒళ్ళు చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాయవి. నాలుగు లావుపాటి టైర్లతో ఇసుకలోనూ గుట్టల మీదా తిరుగుతాయి. వచ్చిన ప్రతి బండిదీ ఒకటే జబ్బు: లాగడం లేదు. తెచ్చిన ప్రతి యజమానిదీ ఒకటే మాట: నేనేమీ ముట్టుకోలేదు.

చెవి మేస్త్రి అన్న పేరు ఊరికే రాలేదు. ఒకప్పుడు బండి సందు మలుపులో ఉండగానే, షెడ్డులో కూర్చుని దాని రోగం చెప్పేవాడు. ప్లగ్గు మసిబారిందనో, వాల్వు బిగిసిందనో. ఇంట్లో మిక్సీ ఆడుతుంటే పక్కగదిలోంచి "బుష్ పోతోంది" అనేవాడు. చుట్టాలింటికి వెళ్ళి వాళ్ళ ఫ్రిజ్ ఇంకెన్నాళ్ళు బతుకుతుందో చెప్పడం వల్ల కొన్ని రాకపోకలు కూడా తగ్గాయి.

ఆ చెవులు పోయాయి. ముందు సన్నటి శబ్దాలు పోయాయి: కుక్కరు ఈల, గేటు కిర్రుమనడం, ఇంజను లోపల ఎక్కడో జుయ్యిమనే గాలి. తరవాత మాటల చివర్లు పోయాయి. చివర్లు పోవడం వల్ల పెద్ద నష్టం లేదని ఆయన గమనించాడు. ఎవరు ఏం చెప్పినా చివర ఉండేది "నేను ముందే చెప్పాను" అన్నదే కదా.

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. షెడ్డు బావమరిదిది. పని నేర్పింది మేస్త్రే అయినా, షెడ్డు మాత్రం వాడిది. వాడు మంచివాడు, భయమంతా అదే. చెడ్డవాడైతే పొమ్మంటాడు, పోట్లాడవచ్చు. మంచివాడు కౌంటరు దగ్గర కుర్చీ వేసి, ఫ్యాను ఇటు తిప్పి, "నువ్వు కూర్చో బావా" అంటాడు. అలాంటి కుర్చీలో కూర్చున్నవాడు మళ్ళీ లేవడు. అందుకని మేస్త్రి పెదాలు చదవడం నేర్చుకున్నాడు. ఇంజన్లకి పెదాలు ఉండవు కాబట్టి అరచెయ్యి నేర్చుకున్నాడు.

పొద్దున వచ్చింది బండ్లు అద్దెకిచ్చే మైదానం వాళ్ళ టూ స్ట్రోక్ బండి. సెలవులకి వచ్చినవాళ్ళు దాన్ని ఎక్కి, గుట్ట చుట్టూ తిరిగి, ఫొటో దిగి, నడుం పట్టుకుని దిగుతారు.

"గుట్ట ఎక్కనంటోంది మేస్త్రీ," అన్నాడు మైదానం వాడు. "సగం దాకా వెళ్ళి ఆలోచనలో పడుతోంది."

"పెట్రోల్లో ఆయిలు కలుపుతున్నారా?"

"కలపకుండా ఎలా?"

"గ్లాసుతో కొలుస్తారా, కంటితోనా?"

మైదానం వాడు రేకుల వంక చూశాడు. "ప్రేమతో."

మేస్త్రి నవ్వాడు. టూ స్ట్రోక్ ఇంజను ఒంటిచేత్తో సంసారం ఈదే మనిషి లాంటిది. పీల్చడం, వదలడం దానికి ఒకే ఊపులో జరిగిపోవాలి. ఫోర్ స్ట్రోక్ ఆఫీసు గుమస్తా. పీల్చడం ఒక విడత, నొక్కడం ఒక విడత, మండించడం, వదలడం, దేనికది. టూ స్ట్రోక్‌కి ఆయిలు పెట్రోల్లోనే కలిపి పోయాలి. ప్రేమ ఎక్కువైతే కాలని ఆయిలంతా మసై సైలెన్సరులో పేరుకుంటుంది. వదలలేని ఇంజను పీల్చనూలేదు.

సైలెన్సరు విప్పాడు. లోపల గొట్టానికి గొట్టమంత మసి. గీకాడు, కాల్చాడు, దులిపాడు, బిగించాడు. బండి స్టార్ట్ చేసి అరచెయ్యి పెట్టాడు. వణుకు సమంగా, గట్టిగా తగిలింది. యాక్సిలరేటరు వదిలినా వణుకు కొంచెం ఆలస్యంగా తగ్గినట్టనిపించింది. అనిపించిందంతే. దొరికిన దోషం చేతిలో ఉండగా ఇంకోటి వెతకడానికి ఎవరికి బుద్ధిపుడుతుంది?

"అయిపోయింది. మధ్యాహ్నం తీసుకెళ్ళు."

తరవాత వచ్చింది రిటైరైన మేనేజరు గారి ఫోర్ స్ట్రోక్. ఊరికి దూరంగా ఆయనకి చిన్న పళ్ళతోట ఉంది. భార్యాభర్తలిద్దరూ ఆ బండి మీదే వెళ్ళొస్తారు. బండి కొని చాలా కాలమైనా సీటుకి కంపెనీ వాళ్ళు తొడిగిన ప్లాస్టిక్ అలాగే ఉంది. దాని మీద ఒక తువ్వాలు. తువ్వాలు మాయకుండా దాని మీద పాత దుప్పటి ముక్క.

"నేనేమీ ముట్టుకోలేదు," అన్నాడు మేనేజరు గారు, భార్యతో పాటు బండి దిగుతూనే. "మామూలుగా బానే పోతుంది. ఎత్తు రాగానే ఊపిరాడనట్టు అయిపోతుంది. ఆపి దిగి చూస్తే ఏమీ ఉండదు. మళ్ళీ స్టార్ట్ చేస్తే బానే ఉంటుంది. మా అల్లుడు పెట్రోలు పంపు అన్నాడు. పక్కింటాయన కార్బురేటరు అన్నాడు. ఫోన్లో ఒకాయన వీడియోలో చూపించాడు, మొత్తం ఇంజనే విప్పేశాడు."

"మళ్ళీ బిగించాడా?"

"ఆ భాగం ఇంకా రాలేదు."

మేస్త్రి సీటు ఊడదీసి యాక్సిలరేటరు నొక్కాడు. అరచేతి కింద బండి చక్కగా ఊగింది. సీటు పెట్టి నొక్కాడు. కాసేపు ఊగి, నీరసించింది. సీటు తీస్తే పరుగు, పెడితే ఆయాసం. ఈసారి సీటు ఒక పక్క మాత్రం ఎత్తి, కింద తల దూర్చి నొక్కాడు.

సీటు కింద ఖాళీలోనే ఇంజను గాలి పీల్చుకునే నోరు ఉంటుంది. ఆ ఖాళీ నిండా, ఇందాక సీటు తీసినప్పుడు ఏదో సామానులే అని ఆయన వదిలేసిన ప్లాస్టిక్ కవర్లు. బట్టల షాపువి, మందుల షాపువి, మిఠాయి షాపువి, మడతలు పెట్టి ఒక పెద్ద కవర్లో కుక్కి ఉన్నాయి. ఇంజను గట్టిగా పీల్చినప్పుడల్లా ఆ పెద్ద కవరు చెంగు లోపలికి లాక్కుపోయి గాలి నోటికి అతుక్కుంటోంది. ఆపగానే అమాయకంగా వచ్చి తన చోట పడుకుంటోంది.

"ఇవేంటమ్మా?" అన్నాడు మేస్త్రి.

మేనేజరు గారి భార్య ముఖం వెలిగింది. "అయ్యో, ఇక్కడున్నాయా! వంటింట్లో చోటు చాలక నేనే పెట్టాను. ఇల్లంతా వెతుకుతున్నాను."

"ఇన్ని కవర్లు ఎందుకే?" అన్నాడు భర్త.

"ఎప్పుడైనా అవసరానికి రావూ?"

"ఎప్పుడు?"

"ఇదిగో, ఇప్పుడు," అని ఆవిడ ఒక కవరు విప్పి, మిగతావన్నీ అందులో పెట్టుకుంది.

మేనేజరు గారు మేస్త్రి మురికి చేతినే పట్టుకుని ఊపేశాడు. "ఊరికే అనలేదు మిమ్మల్ని చెవి మేస్త్రి అని! ఎలా వినపడిందండీ ఇది?" ఎయిర్ ఫిల్టరు కడగాలి కాబట్టి బండి సాయంత్రం తీసుకుంటామని చెప్పి, ఆటో పిలిచి, ఆటో సీటు తుడిచి కూర్చున్నారు.

బావమరిది స్పానరు తుడుస్తూ చూస్తున్నాడు. "నీకు తిరుగులేదు బావా," అన్నాడు. మేస్త్రి పొద్దుటి నుంచి మొదటిసారి భుజాలు సడలించాడు. ఈ పూట కూడా గడిచిపోయింది.

భోజనానికి ఇంటికి వెళ్ళాడు. ఇల్లు వెనక వీధిలోనే. భార్య వడ్డిస్తూ ఏదో అంటోంది, తల పక్కకి తిరిగి ఉంది. ఇలాంటప్పుడు వాడడానికి ఆయన దగ్గర ఒక మాట ఉంది. "సరే, చూద్దాం." ఏ సంసారంలోనైనా సగానికి పైగా ప్రశ్నలకి అది సరిపోతుంది. ఇన్నేళ్ళకి ఈ మనిషి అడ్డుపడకుండా వింటున్నాడని ఆవిడ చెల్లెలితో ఫోన్లో మురిసిపోయింది కూడా.

"సరే, చూద్దాం," అన్నాడు.

ఆవిడ చెయ్యి గరిటె మీదే ఆగిపోయింది. వచ్చి ఎదురుగా కూర్చుంది. పెదాలు కనపడేలా, నిదానంగా అంది: "కూరలో ఉప్పెక్కువైందా అని అడిగానండీ."

"బాగానే ఉంది."

"కాసేపు నడుం వాల్చండి. తొందరేముంది?"

రోజూ అనే మాటే. రోజూ వాల్చేవాడు. ఇవాళ ఆ ముఖంలోకి చూడలేక చెప్పులు తొడుక్కున్నాడు. ఆవిడ గుమ్మం దాకా వచ్చింది. "ఎండగా ఉంది, కాసేపాగండి," అంటూ చొక్కా అంచు పట్టుకుంది. ఉప్పు గురించి మరీ అంత బాధపడుతోందేమిటా అనుకుంటూ ఆయన విడిపించుకుని వచ్చేశాడు.

షెడ్డు షట్టరు సగం దించి ఉంది. మధ్యాహ్నం ఎండకి దించుతారనుకునేవాడు. వంగి చూసి, ఆ వంగిన చోటే ఆగిపోయాడు.

లోపల బావమరిది మైదానం బండి ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు. ఇంజను నడుస్తోంది, పొగ పలచగా వస్తోంది. వాడు స్ప్రే డబ్బా పట్టుకుని, కార్బురేటరుకీ ఇంజనుకీ మధ్య ఉండే రబ్బరు గొట్టం చుట్టూ కొద్దికొద్దిగా కొడుతున్నాడు. తల పక్కకి వాల్చి, నోరు కొంచెం తెరిచి వింటున్నాడు. గొట్టం అడుగున ఒకచోట కొట్టేసరికి కనుబొమలు ముడిపడ్డాయి. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ ముడిపడ్డాయి.

మేస్త్రికి ఏమీ వినపడలేదు. వినపడనక్కర్లేదు. స్ప్రే తగలగానే ఇంజను పాట మారిందంటే అక్కడ చీలిక ఉంది. చీలికలోంచి దొంగగాలి పోతోంది. గాలి ఎక్కువై పెట్రోలు పలచబడితే, దాంతోపాటే పోయే ఆయిలూ చాలదు. గుట్ట సగంలో పిస్టను కాలి పట్టేస్తుంది. చక్రాలు బిగుసుకుంటాయి. వెనక ఎవరి పిల్లలో కూర్చుని ఉంటారు. దోషం ఒక్కటే ఉంటుందనుకోకురా అని వాడికి చెప్పింది తనే.

వాడు పాత గొట్టం విప్పి, కొత్తది బిగించి, పాతదాన్ని చెత్తడబ్బాలో అడుక్కి నెట్టి, పైన కాగితాలు కప్పాడు. చేస్తున్న తీరు చూస్తే ఇవాళ కొత్తగా చేస్తున్నది కాదు. తన చేతిలోంచి వెళ్ళిన ప్రతి బండీ ఇలా సగం దించిన షట్టరు వెనక మళ్ళీ పరీక్ష రాస్తోందన్నమాట. అక్కాతమ్ముళ్ళు మాట్లాడుకున్నారన్నమాట. ఒకరు నడుం వాల్చమనాలి, ఒకరు షట్టరు దించాలి.

మేస్త్రి వెనక్కి వెళ్ళి, వీధి చివర దాకా నడిచి, మామూలు వేళకి మళ్ళీ వచ్చాడు. వస్తూ దూరం నుంచే గట్టిగా దగ్గాడు. వాళ్ళు అంత కష్టపడుతున్నప్పుడు తనూ కొంచెం సాయపడాలి కదా.

సాయంత్రం మేనేజరు గారి బండికి ఫిల్టరు బిగించి స్టార్ట్ చేశాడు. అరచెయ్యి పెట్టాడు. ఎంత నిదానంగా ఉంది ఈ ఫోర్ స్ట్రోక్ గుమస్తా. బావమరిది రెండు గ్లాసులతో టీ తెచ్చి ఒకటి చేతికిచ్చాడు.

"మైదానం బండి పంపించేశాను బావా. గుట్ట మీద గాల్లా పోయిందట. నువ్వు చెప్పినట్టే, సైలెన్సరే."

ఒక్కో మాటా విడివిడిగా, పెదాలు బాగా కదిలేలా అన్నాడు. అబద్ధాన్ని కూడా అంత శ్రద్ధగా పలికే మనిషిని మేస్త్రి ఇంకెక్కడా చూడలేదు. ఎప్పటినుంచి ఇలా మాట్లాడుతున్నాడో.

"సైలెన్సరేనా?"

"సైలెన్సరే."

"రబ్బరు గొట్టం?"

బావమరిది టీ తాగేశాడు. ఖాళీ గ్లాసులోంచి ఇంకో గుక్క కూడా తాగాడు. "పాతబడిందని... ఊరికే... మార్చాను."

"పాతబడితే మార్చాల్సిందే."

ఇద్దరూ రోడ్డు వంక చూశారు. రోడ్డు మీద చూడదగ్గది ఏమీ లేదు.

"రేపు నేను రాన్రా," అన్నాడు మేస్త్రి. "మీ అక్క వంటింట్లో కొళాయి కారుతోంది."

"ఎల్లుండి వస్తావుగా?"

"చాలా పాత కొళాయి."

"బావా, నేను ఎవరితోనూ..."

"తెలుసు."

"ఇక్కడే కూర్చో బావా. నువ్వుంటే చాలు. కుర్చీ వేస్తాను, ఫ్యాను ఇటు..."

"వద్దురా. ఫ్యాను గాలి నాకు పడదు." మేస్త్రి వాడి మెడ వెనక చెయ్యి వేశాడు. "నీ చెవి బాగుంది. తల మాత్రం మరీ వంచుతున్నావు. మెడ పట్టేస్తుంది జాగ్రత్త."

బావమరిది ఏదో అన్నాడు. ముఖం పక్కకి తిప్పుకుని అన్నాడు కాబట్టి అదేమిటో మేస్త్రికి ఎప్పటికీ తెలియలేదు.

"సరే, చూద్దాం," అన్నాడు.

చేతిలో సగం మిగిలిన టీ గ్లాసు మేనేజరు గారి బండి మడ్‌గార్డు మీద పెట్టాడు. గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. బండి ఆపాననే అనుకున్నాడు. చెయ్యి తీసేశాక ఆయనకి అన్ని బండ్లూ ఆగినవే. చెప్పులు వేసుకుని, రోడ్డు దాటే ముందు అటూ ఇటూ, మళ్ళీ అటూ జాగ్రత్తగా చూసుకుని, వెనక వీధిలోకి మలుపు తిరిగాడు.

బావమరిది నడుస్తూనే ఉన్న బండి తాళం దాకా చెయ్యి చాపి, తిప్పకుండా వెనక్కి తీసుకున్నాడు.

మడ్‌గార్డు మీద గ్లాసులో సగం టీ. దాని మీద సన్నటి వలయాలు ఒకదాని వెనక ఒకటి పుట్టి, అంచు దాకా వెళ్ళి, మళ్ళీ పుడుతున్నాయి.