కొలకర్ర పట్టిన కోడలు

"ఇవాళ మంచు ఎంత పడిందో చెప్పు, ఆఫీసుకి ఫోన్ చెయ్యాలి," అన్నాడు మోలెఫి, కంబళిలోంచి తలైనా బయట పెట్టకుండా.

"ఏడు సెంటీమీటర్లు," అంది మఖౌహెలో, కొంకర్లు పోయిన వేళ్ళు పొయ్యి దగ్గర కాచుకుంటూ. ఆరేళ్ళుగా ఇదే తంతు. వాతావరణ శాఖ కాగితం మీద పేరు మొగుడిది, తెల్లవారగానే కొలకర్ర పట్టుకుని మంచులో నిలబడేది ఈవిడ. పైగా మంచు కొలిచే ఆ బల్ల పెట్టింది మగవాళ్ళు కూర్చునే రచ్చలో. ఈ మలోటి కొండల్లో కోడలన్నది అక్కడ కాలు పెట్టకూడదు. మరి ఇన్నాళ్ళూ ఒక్కరైనా ఆపారా? చాకిరీకి వెళ్ళే ఆడదానికి ఏ కట్టుబాటూ అడ్డు రాదు. అది తలుచుకుంటేనే ఆమెకు ఒళ్ళు మండుతుంది.

ఇవాళ ఆమె దిగులు, పడిన మంచు గురించి కాదు, రాబోయే దాని గురించి. దక్షిణాన క్యుతింగ్‌లో ఉన్న చెల్లెలు పొద్దున్నే ఫోన్ చేసింది. "అక్కా, సంకటి ఉడికేలోపు చీలమండ మునిగిపోయిందే." ఇక్కడ కూడా గాలి అప్పుడే తిరిగి దక్షిణం నుంచి వీస్తోంది. మఖౌహెలో తన పుస్తకం తీసి చూసింది. గాలి ఇలా తిరిగి, మంచు పొడిపిండిలా రాలిన ప్రతిసారీ మర్నాటికి కనుమ మూసుకుపోయింది. ఆ కనుమ పైన మేత బీళ్ళలో ఊరందరి గొర్రెలూ ఉన్నాయి, వాటిని కాస్తూ తుమెలో అనే మరిది ఉన్నాడు.

మందల్ని దించమని చెబితే, "రేడియోలో జానెడే పడుతుందన్నారు. వాళ్ళకంటే నీకెక్కువ తెలుసా? వెళ్ళి ఆకుకూర తరుక్కో," అని మోలెఫి రచ్చకి వెళ్ళిపోయాడు. అక్కడ మగవాళ్ళంతా కూర్చుని, రేపు చూద్దాంలే అనుకుంటున్నారు. ఆమె కత్తిపీట పక్కకి నెట్టి, వెనకే వెళ్ళింది.

"ఏమ్మా, మగవాళ్ళ మధ్యకి కోడలు రావడమేంటి?" అన్నాడు మామగారు.

"రోజూ వస్తూనే ఉన్నాను కదా మామయ్యా. ఇన్నాళ్ళూ కొలవడానికొచ్చాను, ఇవాళ చెప్పడానికొచ్చాను. రేపు మధ్యాహ్నానికి మోకాలి లోతు పడుతుంది. మందల్ని ఇప్పుడే దించండి."

ఊరి పెద్ద మోలెఫి వైపు తిరిగాడు. "కాగితం ప్రకారం కొలిచేవాడివి నువ్వే కదయ్యా. పోయినసారి కనుమ మూసుకుపోయే ముందు గాలి ఎటు నుంచి వీచింది?"

మోలెఫి మెడ గోక్కున్నాడు. తర్వాత పెళ్ళాం మొహంలోకి చూశాడు. ఆ చూపు అక్కడున్న అందరూ చూశారు.

"దక్షిణం నుంచి, తెల్లారగట్ల," అంది మఖౌహెలో, పుస్తకం తెరవకుండానే.

పెద్దాయన లేచి గుర్రాలకి జీన్లు వెయ్యమన్నాడు.

పొద్దు వాలేసరికి మందలన్నీ దొడ్లకి చేరాయి. మీసాల నిండా మంచుతో వచ్చిన తుమెలో, "బతికించావు వదినా," అంటూ రెండు పళ్ళేల సంకటి లాగించాడు. మర్నాడు మధ్యాహ్నం రచ్చలో కర్ర దింపితే నలభై మూడు. ఆ అంకె చూసి, మోకాళ్ళ దాకా మంచులో కూరుకుపోయి నిలబడి, ఆమె గర్వంతో నవ్వుకుంది.

ఇంటికొచ్చేసరికి మోలెఫి చెవి దగ్గర ఫోను పెట్టుకుని, కొలత రాసిన చీటీ కోసం చెయ్యి చాచాడు. ఆమె చీటీ ఇవ్వలేదు, ఫోను తీసుకుంది.

"నలభై మూడు సెంటీమీటర్లు. రాసుకోండి."

"మోలెఫి గారు లేరా అమ్మా?"

"ఉన్నారు. కొలిచేది మాత్రం నేను. మీ కాగితంలో ఆ పేరు కొట్టేసి మఖౌహెలో అని రాయండి."

"అలాగేనమ్మా. ఎప్పట్నుంచి మార్చమంటారు?"

"ఆరేళ్ళ కిందటి నుంచి."