జిప్పు పళ్ళ హారం

ఆమెది కుట్టుపని, అన్నయ్యది బంగారం పని. ఇంటి ముందరి రెండు గదుల్లో ఒకదాంట్లో ఆమె మిషను, రెండోదాంట్లో అతని పనిబల్ల.

పాత బట్టల నుంచి ఊడదీసిన ఇత్తడి జిప్పులు, జత తప్పిన గుండీలు ఆమె పారేసేది కాదు. పని తెమిలాక వాటిని తీగతో అల్లి, మెడనిండా వేసుకుని కూర్చునేది. దారినపోయే ఆడవాళ్ళు ఆగి మరీ చూసేవారు. అన్నకు మాత్రం తల కొట్టేసినట్టుండేది.

"ఆ గిల్టు సామాను వేసుకుని నా కొట్టు పక్కనే కూర్చోవాలా?"

"గిల్టు కాదన్నయ్యా. జిప్పు జిప్పే. బంగారంలా కనబడాలని చెయ్యట్లేదు నేను."

లైబ్రరీలో చేతిపనుల ప్రదర్శన పెడుతూ ఆమె హారాలకూ ఒక బల్ల ఇచ్చారు. తెల్లారితే ప్రదర్శన అనగా, జిప్పు పళ్ళను చేప పొలుసుల్లా పేర్చిన పెద్ద హారం తీగ తెగి ఊడిపోయింది. టంకం వేసి అతికితే తప్ప నిలవదు. అభిమానం చంపుకుని అన్న దగ్గరికి వెళ్ళింది.

అతను కంటికి భూతద్దం తగిలించుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. పెదవి విరుస్తాడనుకుంది.

"ఈ పళ్ళు ఒక వరస అటు, ఒక వరస ఇటు తిప్పాలని ఎవరు చెప్పారే?"

"ఎవరు చెప్తారు? మెడ తిప్పినప్పుడల్లా మెరవాలని నేనే తిప్పా."

అతను పనిబల్ల ముందు కూర్చున్నాడు. తెగిన చోటే కాదు, తెగబోయే చోట్లు కూడా వెతికి అతికాడు. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు.

మర్నాడు లైబ్రరీకి తనే హారాలు మోసుకొచ్చాడు. ఒకావిడ వంగి చూసి, "ఇది బంగారమేనాండీ?" అంది.

చెల్లెలు నోరు తెరిచేలోపే అతను అందుకున్నాడు. "కాదండీ. బంగారమైతే ఇలా చెయ్యనిస్తారా? ముప్పై ఏళ్ళ నుంచీ పుస్తకంలో బొమ్మ చూపించి, అచ్చం అలాగే చెయ్యమంటున్నారు నన్ను. ఇది మా చెల్లెలు సొంతంగా అల్లింది."

అన్న మనసులో ఇంత ఉందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. ఇంటికి రాగానే గుప్పెడు ఇత్తడి ముక్కలు అతని బల్ల మీద పోసింది.

"నీకు నచ్చినట్టు ఒకటి చెయ్యి."

"నాకేం నచ్చుతుందో నాకేం తెలుసే?" అని విసుక్కున్నాడు.

నాలుగు రోజులు వాటిని ముట్టుకోలేదు. ఐదోరోజు పొద్దున్నే చెవులకు వేలాడే జత ఒకటి తెచ్చి మిషను మీద పెట్టాడు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.

"కావాలనే చేశావా?"

"లేదు, చెయ్యి జారింది. సరిచేద్దామనుకున్నా. చూస్తుంటే బావుందనిపించి వదిలేశా."

ఆమె పెట్టుకుంది. అతను నాలుగడుగులు వెనక్కి వేసి, తల ఓ పక్కకు వంచి, చాలాసేపు చూశాడు.

"పొట్టిది ఎడమ చెవికి మార్చు," అన్నాడు.